ఒక్క నెల తక్కువైంది

పన్నెండు దాటింది. అత్తయ్యగారి మోకాలు ఇవాళ కాస్త నయం, ఇప్పుడే పడుకున్నారు. ఈయన అలిగి అటు తిరిగి పడుకున్నారు. నాకు మాత్రం కన్ను మూతపడటం లేదు. తల నిండా జనవరి నెలే తిరుగుతోంది.

పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి బల్ల మీద ఒక ఫైలు, దాని మీద పసుపు చీటీ. 'పదకొండు నెలలే తేలుతున్నాయి, ఒకసారి చూడండి' అని, వచ్చినవాళ్ళ బాగోగులు చూసే మా కేస్ మేనేజర్ రాసి పెట్టింది. ఇక్కడ అమెరికాలో ఇల్లు లేనివాళ్ళకి ప్రభుత్వ గ్రాంటుతో గదులు ఇప్పించే సంస్థ మాది. గది ఇవ్వకముందు ప్రతి ఫైలూ నా చేతి మీదుగా వెళ్తుంది. అర్హత కాగితాలు సరిగ్గా లేని మనిషికి అద్దె కడితే ఆ ఖర్చు గ్రాంటులో చెల్లదు. తనిఖీలో బయటపడితే సంస్థే వెనక్కి కట్టాలి. మా దగ్గర అంత డబ్బు ఏనాడూ లేదు.

ఫైలు ఎవరిదో చెప్పను. పెద్దాయన అంటాను. అరవై దాటాయి. ఊపిరితిత్తుల జబ్బు, దానికి డాక్టరు కాగితం ఉంది, అక్కడ పేచీ లేదు. పేచీ అంతా నెలల దగ్గరే. మా గదులు 'క్రానిక్' కింద వచ్చేవాళ్ళకి కేటాయించినవి. వైకల్యమో, పనీ పాటా సాగనివ్వనంత జబ్బో ఉండాలి. దానికి తోడు వరసగా పన్నెండు నెలలు వీధిలోనో షెల్టర్‌లోనో గడిపి ఉండాలి, లేదా మూడేళ్ళలో కనీసం నాలుగు విడతలుగా కలిపి పన్నెండు నెలలు కావాలి. ఆ పన్నెండులో తొమ్మిది నెలలకి వేరేవాళ్ళ సాక్ష్యం చూపించాలి. మిగతా మూడు నెలల వరకు మనిషి తన మాటగా రాసిచ్చుకోవచ్చు.

పెద్దాయనకి ఎనిమిది దొరికాయి. అయిదు నెలలకి షెల్టర్ రికార్డు. రెండు నెలలకి రాత్రిపూట వీధుల్లో తిరిగే మా వాళ్ళు రాసుకున్న నోట్లు. ఒక నెలకి లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఇచ్చిన ఉత్తరం, పొద్దున తలుపులు తీసేటప్పటికి మెట్ల కింద దుప్పటి మడత పెట్టుకుంటూ కనిపించేవారని. ఆయన సొంత మాట మూడు నెలలకి వాడేశాం. అక్కడితో పదకొండు. జనవరి ఖాళీ.

మధ్యాహ్నం దాకా నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కరెంటు బిల్లు ఉన్నవాడు బిల్లు తెచ్చి చూపిస్తాడు. బిల్లు లేనివాడు, బిల్లు లేదన్న సంగతి ఏ కాగితంతో చూపించాలి? చలిలో ఎక్కడ ముడుచుకుని పడుకున్నాడో రాసిపెట్టుకునే స్థితిలో ఎవరుంటారు? ఒక్కో నెలకీ ఒక్కరోజు ఎవరైనా చూసినా చాలు, ఆ నెలంతా లెక్కలోకి వస్తుంది, రూలు అంతవరకు దయగానే ఉంది. కానీ ఆ ఒక్కరోజు చూసిన మనిషి దొరకాలి కదా. ఆ మనిషి సంతకం పెట్టడానికి ఒప్పుకోవాలి కదా. పైగా ఆయన దాచకుండా చెప్పిన నిజం మీద కూడా ఒక గంట పోయింది. మార్చిలో చెల్లెలి ఇంట్లో నాలుగు రాత్రులు పడుకున్నానని ఆయనే చెప్పారు. అది చూసి 'మధ్యలో తెగిపోయింది కదా' అని ఫైలు మార్జిన్‌లో ఎవరో ప్రశ్నార్థకం పెట్టారు. తెగదు. వరసగా ఏడు రాత్రులు వేరేచోట ఉంటేనే విరామం కింద లెక్క. ఆసుపత్రిలో అయితే 90 రోజుల లోపు ఉన్నా విరామం కాదు. ఇవన్నీ నాకు నోటికి వచ్చేశాయి, చిన్నదానికి ఎక్కాలు వచ్చినట్టు. ఏడు రాత్రులు చెల్లెలు ఉంచుకుని ఉంటే ఆయనకి ఇంకా కష్టమయ్యేది. తోబుట్టువు ఇంకో మూడు రోజులు అన్నం పెడితే మనిషి వరసలోంచి జారిపోతాడు, ఇదేం లెక్క అని అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

నూటికి 25 కుటుంబాల వరకు, మరీ గత్యంతరం లేనప్పుడు, మొత్తం సొంత మాట మీదే తీసుకోవచ్చు. ఆ వాటా మా చిన్న ప్రాజెక్టులో ఈ ఏడాదికి అయిపోయింది. అది కూడా చూశాను.

ఫైలు మూసేయబోతూ వెనక పేజీలో ఒక వాక్యం చదివాను. 'డిసెంబరులో షెల్టర్‌లో ఆయన బూట్లు పోయాయి. మళ్ళీ అక్కడికి వెళ్ళనంటున్నారు.'

బూట్లు.

పోయిన జనవరి నెలాఖరున ఇల్లు లేనివాళ్ళని లెక్కపెట్టడానికి వెళ్ళాను, ఇంటికొచ్చి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న రోజు. ఏటా జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి ఎంచుకుని, ఇల్లు లేనివాళ్ళు ఎంతమందో దేశమంతా లెక్కపెడతారు. హడ్‌కి, అంటే మాకు గ్రాంటు ఇచ్చే కేంద్ర గృహ శాఖకి, ఆ అంకెలు వెళ్ళాలి. 2024 జనవరిలో ఆ ఒక్క రాత్రి లెక్క 7,71,480. అంత పెద్ద అంకె అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నేను కంప్యూటర్‌లో అంకెలు చూసే మనిషిని, మనుషుల్ని చూడాలని ఆ రాత్రి బయల్దేరాను. ఈయన వద్దన్నారు, అత్తయ్యగారు మాత్రం తన ఉన్ని శాలువా తెచ్చి నా మెడకి చుట్టారు.

తెల్లవారుజామున మూడున్నర అయింది. నేనూ ఇంకో అమ్మాయీ. మూసేసిన ఒక దుకాణం వెనక, గోడలోంచి వెచ్చటి గాలి బయటికొచ్చే జాలీ ఉంది. దాని ఎదురుగా అట్టపెట్టెలు పరిచి ఒక మనిషి పడుకున్నాడు. టోపీ నుదుటి మీదికి, మఫ్లరు ముక్కు దాకా. కళ్ళు తప్ప ఏం కనబడలేదు. టార్చి మొహం మీద కొట్టకూడదని మాకు ముందే చెప్పారు కాబట్టి కిందికి పట్టుకున్నాను. వెలుగు చేతి మీద పడింది. రెండు బూట్ల లేసులూ ఎడమ మణికట్టుకి చుట్టి ముడేసుకున్నారు. ఒక ముడి కాదు, మూడు నాలుగు. గట్టిగా బిగిసిపోయి, చర్మం మీద లేసు దారి ఎర్రగా పడింది. బూట్లు రెండూ కడుపు దగ్గర పెట్టుకుని, వాటిమీద రెండో చెయ్యి వేసుకుని పడుకున్నారు. కాళ్ళకి సాక్సులే, ఒక మడమ దగ్గర చిరుగు.

మా ఫారంలో మొదటి ప్రశ్న, 'ఈ రాత్రి మీరు ఎక్కడ పడుకుంటున్నారు?' అని. అడగక తప్పదు. అడిగాను. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి 'ఇక్కడే అమ్మా' అన్నట్టు తలాడించారు. నాకు నేలలోకి కుంగిపోయినట్టయింది. పేరు చెప్పనన్నారు. వయసు ఎంతో కూడా చెప్పలేదు, మేమే అంచనాగా రాసుకున్నాం. సాక్సుల జత ఇస్తే తీసుకున్నారు కానీ వేసుకోవాలంటే ముళ్ళు విప్పాలి, అందుకని పక్కన పెట్టుకున్నారు. ఎంతయింది టైము అని అడిగారు. చెప్పాను. తెల్లవారడానికి ఇంకా చాలా ఉందని అనుకున్నారో ఏమో, కళ్ళు మూసుకున్నారు.

ఇవాళ ఆ వాక్యం చదవగానే ఆ మణికట్టు కళ్ళముందుకి వచ్చేసింది. ఆయనే! బూట్లు పోగొట్టుకున్న మనిషి కాకపోతే అలా ఎవరు కట్టుకుంటారు? పది నిమిషాల్లో ఉత్తరం టైపు చేసేశాను. 'జనవరి చివరి వారంలో, తెల్లవారుజామున, ఫలానా చోట ఆరుబయట పడుకుని ఉండగా ఈయన్ని నేను స్వయంగా చూశాను' అని. ఆ ఒక్కరోజుతో జనవరి నిండుతుంది. తొమ్మిది అవుతాయి. పన్నెండు అవుతాయి.

'ఈయన్ని' దగ్గర చెయ్యి ఆగిపోయింది. నేను మొహం చూడలేదు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర చెప్పాను. ఈయన వెంటనే, 'దానికింత ఆలోచన ఎందుకు, నువ్వు చూశావు కదా, సంతకం పెట్టి పడెయ్. ఒక ముసలాయనకి గది వస్తుంది. ఎవరికి నష్టం?' అన్నారు. మధ్యాహ్నం నేనూ అచ్చం ఆ మాటే అనుకున్నాను. కానీ అదే మాట ఆయన నోటి వెంట వినేసరికి ఒళ్ళు మండిపోయింది. ఎవరికి నష్టమో నాకు తెలుసు. జాబితాలో పెద్దాయన తర్వాత ఒకావిడ ఉంది. కారులో ఉంటోంది. పద్నాలుగు నెలలకీ కాగితాలున్నాయి, ఒక్క నెల కూడా ఖాళీ లేదు. ఖాళీ అయిన గది ఒక్కటే. నేను పొరపాటు మనిషికి సంతకం పెడితే ఆ రాత్రి కారు అద్దానికి తువ్వాలు కట్టుకుని పడుకునేది ఆవిడ. 'అలా ఎలా అంటారండీ' అన్నాను కొంచెం గట్టిగానే. అత్తయ్యగారు ప్లేటు తీసుకుని లేచి వెళ్ళిపోయారు. అదీ ఇవాళ్టి అలక కథ.

ఇప్పుడు రాస్తుంటే మధ్యాహ్నం ఆ రూలు మీద వచ్చిన కోపం సగం తగ్గింది. మా ఆఫీసులో పాతికేళ్ళ నుంచి చేస్తున్న ఆవిడ ఒకసారి చెప్పింది. వెనకటికి ఎవరు అపాయింట్‌మెంటుకి టైముకి వస్తే, ఎవరు ఫారాలు శుభ్రంగా నింపితే, ఎవరు చూడ్డానికి నెమ్మదిగా ఉంటే వాళ్ళకి గదులు దొరికేవట. జబ్బుతో, మతి సరిగా లేక, ఏళ్ళ తరబడి బయట పడున్నవాళ్ళు చివరికి మిగిలిపోయేవారట. అందుకే ఎక్కువకాలం బయట ఉన్నవాళ్ళకే ముందు అనే పద్ధతి వచ్చింది. ఆ నిర్వచనాన్ని 2015 డిసెంబరులో ఇప్పుడున్న రూపంలో బిగించారు. సాక్ష్యం అడక్కపోతే మళ్ళీ తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళే గదులిచ్చుకుంటారు. నేను ఇవాళ చెయ్యబోయింది కూడా దాదాపు అదే కదా, గుర్తుపట్టాననుకున్న మనిషి మీద జాలితో.

కానీ కోపం పూర్తిగా పోలేదు, చోటు మారింది. జాబితాలో ఉన్న తొమ్మిదిమందికి ఒక గది ఎందుకుంది? తొమ్మిది గదులుంటే ఈ నెలల లెక్క ఎవరిక్కావాలి?

ఈ సాయానికి మూలమైన చట్టం 1987లో వచ్చింది. మా డబ్బు చాలావరకు ఏడాది ఏడాదికీ అడిగి తెచ్చుకునే డబ్బే. చాలాసార్లు పోటీ, దరఖాస్తు. సంస్థే ఇళ్ళు అద్దెకి తీసుకునే లీజు పద్దు తప్ప మిగతా గ్రాంటుకి పావు వంతు మేము నగదుగానో సేవల రూపంలోనో జత చెయ్యాలి. అద్దె పద్దు వేరు, కేస్ మేనేజర్ జీతం పద్దు వేరు. మనిషికి గది మాత్రం ఒక ఏడాదికని ఇవ్వం, ఉన్నన్నాళ్ళూ ఉండమని ఇస్తాం. డబ్బుకి గడువు ఉంది, మాటకి గడువు లేదు. ఆ రెంటి మధ్య లెక్కలు రాసేది నేను. 2025 నవంబరులో కొత్త షరతులు వచ్చాయి, మా గదుల్లాంటి శాశ్వత గృహాలకి ఆ డబ్బులో 30 శాతం మించకూడదని. ఆ రాత్రి కూడా ఇలాగే ఇక్కడ కూర్చుని రాశాను, మా గదుల్లో ఎవరెవరు ఖాళీ చెయ్యాల్సి వస్తుందోనని. రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. డిసెంబరులో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు, తర్వాత కోర్టు కూడా ఆపింది. కానీ ఆ నెలన్నర ఇళ్ళ యజమానులు ఫోన్లు చేసి 'అద్దె వస్తుందా రాదా' అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక నాకు కడుపులో తిప్పేది. ఆ టెన్షన్ తగ్గీ తగ్గకముందే జనవరి లెక్కకి వెళ్ళాను. బహుశా అందుకే ఆ మణికట్టు అంత గట్టిగా గుర్తుండిపోయింది. లేక అందుకే, కనబడిన ప్రతి మనిషిలో ఆయన్నే చూస్తున్నానా?

అన్నట్టు ఇవాళ ఒక మంచి కబురు కూడా ఉంది. మూడో నంబరు గదిలో ఆవిడ రెండో ఏడాది లీజు సంతకం చేసింది. ఆదాయంలో 30 శాతం తను కడుతుంది, మిగతాది గ్రాంటు. ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు. పెన్ను తనదే తెచ్చుకుంది. నిన్న రాత్రి దాకా ఇది రాద్దామనే అనుకున్నాను.

పెద్దాయన రేపు పదింటికి వస్తారు. కేస్ మేనేజర్ గదిలో నన్నూ కూర్చోమన్నాను. జనవరి మాట ఎత్తను, ఆ దుకాణం పేరు చెప్పను, సాక్సుల ఊసు తియ్యను. నేను ఏ ఒక్కటి ముందు అందించినా ఆయన అవుననే అంటారు, గది కావాల్సిన మనిషి అవునని కాక ఏమంటారు. ఒక్కటే అడుగుతాను. షెల్టర్‌లో బూట్లు పోయాక, కొత్తవి ఎలా కాపాడుకున్నారండీ అని.

ఆయన చేతి వంక చూస్తే బాగుండు. చూడకపోతే ఉత్తరం చింపేసి, ఆ దుకాణం చుట్టుపక్కల రాత్రి కాపలా ఎవరు చేస్తారో కనుక్కోవాలి, జనవరిలో ఏ క్లినిక్కుకైనా వెళ్ళారేమో అడగాలి. నెలాఖరుకి పదకొండు రోజులుంది. ఈయన్ని పొద్దున్నే పలకరించాలి.