రీస్టార్ట్ చేసినా కదలని డెడ్ టపుల్స్

ఎట్టకేలకు దొరికింది! పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వరసను అప్‌డేట్ చేసినప్పుడల్లా దాని పాత వెర్షన్ డెడ్ టపుల్‌గా మిగిలిపోతుంది. వాటిని ఊడ్చే ఆటోవాక్యూమ్ ఆగకుండా తిరుగుతోంది, టేబుల్ మాత్రం పెరుగుతూనే ఉంది. ఈ చిక్కు వెనకపడి ల్యాబ్‌లో మిగతా పనులన్నీ పక్కన పడేశాను. 

పోస్ట్‌గ్రెస్ 16, లోడ్ పెట్టి కొలిచే టూల్ పీజీబెంచ్, స్కేల్ 100. అంటే అకౌంట్స్ టేబుల్‌లో కోటి వరసలు, 8 కేబీ పేజీకి 61 చొప్పున 1,281 ఎంబీ. బ్రాంచెస్, టెల్లర్స్ టేబుళ్లను అప్‌డేట్ చేయకుండా వదిలేసే మైనస్ ఎన్ (క్యాపిటల్ ఎన్) ఆప్షన్‌తో గంటసేపు లోడ్ పెట్టాను. అది పెట్టకపోతే 100 వరసలున్న బ్రాంచెస్ టేబుల్ మీద తోపులాట మొదలై కొలతలన్నీ పాడవుతాయి. వేగం సగటున సెకనుకు 1,500 ట్రాన్సాక్షన్లు. డీఫాల్ట్ సెట్టింగుల్లో ఆటోవాక్యూమ్ కదలాలంటే టేబుల్‌లో 20 శాతం, దానిపైన ఇంకో 50, అంటే 20,00,050 డెడ్ టపుల్స్ పోగవ్వాలి. ఈ వేగానికి 22 నిమిషాలు. లాగ్‌లో మొదటి వాక్యూమ్ కూడా అటూ ఇటూగా అప్పుడే కనిపించింది.

గంట అయ్యాక టేబుల్ సైజు 1,970 ఎంబీ. 54 లక్షల అప్‌డేట్లు, పేజీకి 61 చొప్పున లెక్కేస్తే సుమారు 690 ఎంబీ. పెరిగింది కూడా సరిగ్గా అంతే. అంటే పాత వెర్షన్లలో ఒక్కదాని చోటు కూడా మళ్లీ వాడకానికి రాలేదు. పైగా డెడ్ లెక్క తగ్గకపోవడంతో ఆటోవాక్యూమ్ నిమిషానికోసారి అదే టేబుల్ మీదికి మళ్లీ వచ్చి, డిస్కును ఊరికే చదివి, వట్టి చేతులతో వెళ్లిపోతోంది.

మొదటి అనుమానం, వాక్యూమ్ నెమ్మదిగా నడుస్తోందేమోనని. ఎంత పని చేశాక వాక్యూమ్ కాసేపు ఆగాలో చెప్పే కాస్ట్ లిమిట్‌ని 200 నుంచి 2,000కి పెంచాను. పని తొందరగా ముగిసింది, ఫలితం మాత్రం సున్నా. తర్వాత మెమరీ చాలట్లేదేమో అనుకున్నాను. కానీ 16వ వెర్షన్‌లో ఒక్కో డెడ్ టపుల్‌ని గుర్తుపెట్టుకోవడానికి 6 బైట్లు చాలు. 54 లక్షలకు 32 ఎంబీ అవుతుంది, వాక్యూమ్ వాడుకునే మెయింటెనెన్స్ వర్క్ మెమ్ డీఫాల్టే 64 ఎంబీ. ఆ అనుమానం కాగితం మీదే కొట్టుకుపోయింది. ఆటోవాక్యూమ్ అనగానే సెట్టింగులన్నీ పెంచేయమని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు పడదు. తీసేయడానికి వీల్లేని చెత్తను ఎంత వేగంగా ఊడిస్తే మాత్రం ఏం లాభం?

అసలు సంగతి వివరాలన్నీ చూపించే వాక్యూమ్ వెర్బోస్ చెప్పింది. తొలగించినవి 0, చనిపోయినా ఇంకా తీయడానికి వీల్లేనివి 54 లక్షలు. దాని కిందే రిమూవబుల్ కటాఫ్, అంటే ఏ ట్రాన్సాక్షన్ ఐడీకి ముందటి చెత్తను మాత్రమే తీయొచ్చో ఆ హద్దు, 4,64,962. ఎన్నిసార్లు నడిపినా ఆ అంకె కదల్లేదు. ఎవరో ఆ పాత ట్రాన్సాక్షన్ ఐడీని పట్టుకుని వేలాడుతున్నారు.

ఎవరు? కనెక్షన్లన్నిటినీ చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూలో, ఒక్కోటి పట్టుకున్న పాత ఐడీని చెప్పే బ్యాకెండ్_ఎక్స్‌మిన్ కాలమ్ చూశాను. ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ స్థితిలో ఒక్క కనెక్షన్ కూడా లేదు. తర్వాత రెప్లికేషన్ స్లాట్లు, అంటే నకలు సర్వర్ (స్టాండ్‌బై) ఇంకా అందుకోని మార్పుల్ని దాని కోసం ఆపి ఉంచేవి. ఆపేసిన స్టాండ్‌బై తాలూకు స్లాట్ ఒకటి దొరికింది, దొంగ దొరికాడనుకుని తీసేశాను. మార్పుల లాగ్ (వాల్) ఉండే పీజీ_వాల్ ఫోల్డర్ గిగాబైట్లలో తగ్గింది, కటాఫ్ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ స్లాట్‌లో ఎక్స్‌మిన్ కాలమ్ ముందునుంచే ఖాళీ. తన క్వెరీలకు కావాల్సిన పాత వరసల్ని తీయొద్దని ప్రధాన సర్వర్‌కి చెప్పే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ స్టాండ్‌బై వైపు ఆన్‌లో లేనప్పుడు అలాగే ఉంటుంది. కాబట్టి అది వాల్ ఫైళ్లను పట్టుకుందే గానీ పాత వరసల్ని కాదు.

విసుగొచ్చి సర్వర్ రీస్టార్ట్ చేశాను. సెషన్లన్నీ పోయాయి. వాక్యూమ్ వెర్బోస్ మళ్లీ 4,64,962 అంది!

అక్కడే వెలిగింది. రీస్టార్ట్ తర్వాత కూడా బతికిందంటే అది డిస్కు మీద ఉన్నదే. డేటా డైరెక్టరీలో పీజీ_టూఫేజ్ ఫోల్డర్ తెరిస్తే ఒకే ఒక్క ఫైలు, పేరు 00071842. అది హెక్స్. దశాంశంలోకి మారిస్తే 4,58,752 ప్లస్ 6,210, మొత్తం 4,64,962. అంకెకు అంకె సరిపోయింది.

ముందు ప్రిపేర్, తర్వాత కమిట్ అని రెండు దశల్లో ముగించే టూ ఫేజ్ కమిట్ నేర్చుకునేటప్పుడు నడిపిన స్క్రిప్టులో ప్రిపేర్ దాటి కమిట్ దాకా రాకుండా ఆగిపోయిన ట్రాన్సాక్షన్ అది. ఒకసారి ప్రిపేర్ అయ్యాక ఏ సెషన్‌కీ చెందదు, అందుకే యాక్టివిటీ వ్యూలో కనిపించదు. లాకులు కూడా వదలదు. కాకపోతే ఇది చిన్న టెస్ట్ టేబుల్‌ని మాత్రమే తాకింది కాబట్టి ఎవరికీ అడ్డు తగల్లేదు. పీజీ_ప్రిపేర్డ్_యాక్ట్స్ వ్యూలో ఒక్క సెలెక్ట్ కొడితే పేరుతో సహా బయటపడుతుంది. గ్రాఫికల్ టూల్ పీజీఅడ్మిన్ నాకు బరువనిపిస్తుంది, కమాండ్ లైన్ పీఎస్‌క్యూఎల్ ఉంటే చాలు. అయినా దాని డాష్‌బోర్డులో ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లకు ప్రత్యేకంగా చోటు ఇచ్చారు, ఆ మెచ్చుకోలు ఇవ్వాల్సిందే.

అదే డేటాబేస్‌కి కనెక్ట్ అయి రోల్‌బ్యాక్ ప్రిపేర్డ్ కొట్టాను. తర్వాతి వాక్యూమ్‌లో 54 లక్షలూ పోయాయి. సైజు మాత్రం 1,970 ఎంబీ దగ్గరే ఉంది. ఫైలు చివర్లో ఉన్న పేజీలు పూర్తిగా ఖాళీ అయితేనే వాక్యూమ్ డిస్కుకు చోటు తిరిగి ఇస్తుంది, ఇక్కడ కొత్త వెర్షన్లన్నీ ఆ చివరి పేజీల్లోనే కూర్చున్నాయి. మళ్లీ అదే లోడ్ పెడితే ఖాళీ అయిన చోటునే వాడుకుంది, పెరగలేదు. టేబుల్‌ని మొత్తం తిరగరాసే వాక్యూమ్ ఫుల్‌తో 1,281కి తెచ్చాను. ల్యాబ్ కాబట్టి సరే, జనం వాడుతున్న టేబుల్ మీదైతే ఆ లాకుకు చదవడం కూడా ఆగిపోతుంది. అక్కడ ఎక్కువసేపు లాకు పట్టకుండా టేబుల్‌ని సర్దే పీజీరీప్యాక్ నయం.

ఇప్పుడు యాక్టివిటీ, స్లాట్లు, ప్రిపేర్డ్, స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ నాలుగింటినీ కలిపి, అన్నిటికంటే పాత ఎక్స్‌మిన్ ఎవరిదో చూపించే ఒకే క్వెరీ రాస్తున్నాను. అది ఎన్ని ట్రాన్సాక్షన్ల పాతదో చెప్పే ఏజ్ ఫంక్షన్ విలువ 10 లక్షలు దాటితే అలర్ట్ పంపాలి. ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్ ఆన్ చేసి, స్టాండ్‌బైని ఆపేసి, ఈసారి స్లాట్ నిజంగానే పట్టుకుంటుందా అని చూడాలి. పేజీని ఎంత శాతం నింపాలో చెప్పే ఫిల్‌ఫ్యాక్టర్ 90కి దించితే హాట్ అప్‌డేట్ల (కొత్త వెర్షన్ అదే పేజీలో పట్టి, ఇండెక్స్‌ని ముట్టుకోనక్కర్లేనివి) శాతం ఎంత పెరుగుతుందో కొలవడం కూడా మిగిలే ఉంది, అది బహుశా వచ్చే ఎంట్రీలో.