ఫారెస్ట్ సర్వీస్ ప్రిపరేషన్: అడవికి వచ్చే మనిషి గురించి నేను చదివింది

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి ఫారెస్ట్రీ ఆప్షనల్‌తో చదివేవాళ్లు సిల్వికల్చర్‌కి (అడవి పెంపకం), మెన్సురేషన్‌కి (చెట్ల కొలత), వర్కింగ్ ప్లాన్‌కి (అటవీ నిర్వహణ ప్రణాళిక) నెలలు కేటాయిస్తారు. రక్షిత ప్రాంతాల్లో సందర్శకుల నిర్వహణ అనే భాగాన్ని మాత్రం మెయిన్స్‌కి వారం ముందు ఎవరి నోట్సో తిరగేసి సరిపెడతారు. నాకు మెయిన్స్‌లోనూ ఇంటర్వ్యూలోనూ అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది ఆ భాగమే. రేపు ఉద్యోగంలో చేరాక రోజూ ఎదురయ్యేదీ అదే. అడవికి వచ్చిన మనిషిని ఎలా చూసుకుంటున్నాం, ఆ పని చేసే సిబ్బందిని ఎలా నిలబెడుతున్నాం అన్న చోటే ఒక డీఎఫ్‌ఓ (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్) నాయకత్వం తెలిసిపోతుందని నా నమ్మకం. తుది జాబితాలో పేరు వచ్చాక జూనియర్లు చాలామంది అడిగారు కాబట్టి చదివిన తీరు వివరంగా రాస్తున్నాను.

పరీక్ష స్వరూపం మీకు తెలిసిందే. మెయిన్స్‌లో ఇంగ్లిష్ 300, జనరల్ నాలెడ్జ్ 300, రెండు ఆప్షనల్స్‌కి నాలుగు పేపర్లు కలిపి 800, ఆపైన ఇంటర్వ్యూ 300. ఈ విషయానికి సిలబస్‌లో విడిగా చాప్టర్ ఉండదు. వన్యప్రాణి విభాగంలో కొంత, చట్టాల్లో కొంత, ఉమ్మడి అటవీ యాజమాన్యంలో కొంత, జీకే పేపర్లో కొంత చెదిరి ఉంటుంది. నేను ఒక లావుపాటి నోట్‌బుక్ పెట్టుకుని, ఎక్కడ ఏ ముక్క కనిపించినా అందులోకే ఎక్కించాను.

మొదట చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 27 నుంచి 33 వరకు కోచింగ్ నోట్సు పక్కన పెట్టి అసలు పాఠమే చదవండి. అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా ఎవరు వెళ్లవచ్చో 27 చెబుతుంది. పర్మిట్ ఏయే పనులకి ఇవ్వవచ్చో 28 చెబుతుంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో చట్టబద్ధమైన వ్యవహారం. ఈ వరుసలో పర్యాటకం ఉంది, తీర్థయాత్ర లేదు. అడవుల మధ్య శ్రీశైలం, సలేశ్వరం, తిరుమల లాంటి పుణ్యక్షేత్రాలు ఉన్న మనకి ఆ ఖాళీ చాలా పెద్ద ప్రశ్న. 30 నిప్పు గురించి. 33 ప్రకారం నిర్వహణ అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది, కానీ లోపల వ్యాపారానికి టూరిస్ట్ లాడ్జి కట్టాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు అనుమతి కావాలి. 2006 సవరణతో వచ్చిన 38ఓ పర్యాటకానికి ప్రమాణాలు నిర్ణయించే పనిని జాతీయ పులుల సంరక్షణ అథారిటీకి అప్పగించింది.

అక్కడి నుంచి 2012కి రండి. ఆ ఏడాది జులైలో టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో (పులుల కోసం కేటాయించిన లోపలి భాగంలో) పర్యాటకాన్ని సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపేసింది. అక్టోబరులో అథారిటీ మార్గదర్శకాలు నోటిఫై చేశాక ఆ నిషేధం ఎత్తేసింది. కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదు, జంతువుకి కనీసం 20 మీటర్ల దూరం పాటించాలి, ఆహారం వేసి రప్పించకూడదు వంటివి అందులోవే. చాలామంది ఈ అంకెలు బట్టీ పట్టి ఆగిపోతారు. అసలు విలువైనది దాని తర్వాత వచ్చే లెక్క: ఎన్ని వాహనాలు వదలవచ్చో తేల్చే పద్ధతి. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే, మీరూ పెట్టండి.

ఒక ఊహాజనిత రిజర్వు తీసుకుందాం. సఫారీ దారి 40 కిలోమీటర్లు. బండికీ బండికీ 500 మీటర్ల ఎడం అనుకుంటే ఒకేసారి 80 బండ్లు పడతాయి. రోజుకి 9 గంటలు తెరిచి ఉండి ఒక్కో ట్రిప్పు 3 గంటలు పడితే మూడు విడతలు, అంటే 240 బండ్లు. ఇది భౌతిక సామర్థ్యం. ఇప్పుడు కోతలు. వానాకాలం మూడు నెలలు మూసివేత అంటే 25 శాతం పోతుంది. జంతువులకి కలిగే ఇబ్బందికి 40 శాతం, దారి మట్టి కొట్టుకుపోవడానికి 25 శాతం తగ్గించాలనుకోండి. 240ని 0.75తో, 0.6తో, మళ్లీ 0.75తో గుణిస్తే 81. ఇది వాస్తవ సామర్థ్యం. ఆఖరి మెట్టు నిర్వహణ సామర్థ్యం. ఆ రిజర్వుకి కావాల్సిన సిబ్బందిలో ఉన్నది 40 శాతమే అయితే 81 కాస్తా 32కి దిగుతుంది.

ఈ ఆఖరి మెట్టు దగ్గర ఆగి ఆలోచించండి. 240 నుంచి 81కి తగ్గించింది ప్రకృతి. 81 నుంచి 32కి తగ్గించింది మనుషుల కొరత. గార్డు పోస్టు ఖాళీగా ఉంటే, వాచర్‌కి జీతం మూడు నెలలు ఆలస్యమైతే, గైడ్‌కి శిక్షణ లేకపోతే అడవి మోయగలిగిన జనాన్ని కూడా మనం పంపలేం. పంపితే ప్రమాదం. నాయకత్వం అనే మాట ఈ సమీకరణంలో ఒక గుణకంగా కూర్చుని ఉంది. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక ఎకోటూరిజం మీద ఏ ప్రశ్న వచ్చినా నా జవాబుకి ఒక వెన్నెముక దొరికింది.

అంకెలతోనే పని అయిపోదు. అమెరికా అటవీ సేవ 1985లో తెచ్చిన పద్ధతి ఒకటుంది, ఆమోదించదగిన మార్పు పరిమితులు అంటారు. మొదట మోంటానాలోని బాబ్ మార్షల్ అరణ్యంలో అమలు చేశారు. ఎంతమంది వస్తే ఎక్కువ అనే ప్రశ్నని పక్కన పెట్టి, ఎంత మార్పు వరకు మనం ఒప్పుకోగలం అని అడుగుతుంది. పదిమంది వచ్చి నిప్పు పెట్టి పోవచ్చు, వందమంది వచ్చి ఆకు కదలకుండా వెళ్లవచ్చు. కాబట్టి దారి వెడల్పు, చెత్త, నీటి నాణ్యత, జంతువుల ప్రవర్తన లాంటి సూచికలు పెట్టుకుని ఏటా కొలవాలి. సామర్థ్యం లెక్కనీ దీన్నీ ఒకే జవాబులో పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ పనికొస్తుందో రాయండి. గేటు ఉన్న సఫారీకి మొదటిది సరిపోతుంది. గేటు లేని యాత్రా మార్గానికి రెండోది కావాలి.

విదేశీ ఉదాహరణ ఒకటి చాలు, కానీ లోతుగా తెలిసి ఉండాలి. నేను ఎల్లోస్టోన్ ఎంచుకున్నాను. 1872లో ఏర్పడిన తొలి జాతీయ పార్కు. 1916లో వచ్చిన నేషనల్ పార్క్ సర్వీస్ చట్టం ప్రకృతిని కాపాడాలని, ప్రజలు ఆనందించే వీలు కల్పించాలని, ముందు తరాల కోసం చెడకుండా ఉంచాలని ఒకే వాక్యంలో చెప్పింది. అయినా అక్కడ దశాబ్దాల పాటు ఎలుగుబంట్లు చెత్త కుప్పల మీద తింటుంటే జనం కూర్చుని చూశారు. సందర్శకులకి అది గొప్ప వినోదం. 1970 ప్రాంతంలో పార్కు ఆ డంపులు మూసేసింది, రోడ్డు పక్కన తిండి పెట్టడం గట్టిగా ఆపించింది. సందర్శకుడు కోరింది ఇవ్వకుండా, కోరదగినది ఏమిటో అతనికి నేర్పిన నిర్ణయం అది. మన శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు ఆపి కోతులకి అరటిపళ్లు వేసేవాళ్లని తలుచుకోండి. పుణ్యం అనుకుని వేస్తారు. కోతి రోడ్డు మీదికి రావడం నేర్చుకుంటుంది, బండి కింద పడుతుంది. ఇక్కడ జరిమానా బోర్డు ఒక్కటే సరిపోదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ విషయం పుస్తకాల్లోనే తేలదు. మాది నల్లమల అంచు, ఆత్మకూరు వైపు. మెయిన్స్ అయ్యాక బైర్లూటి దగ్గర ఒక చెంచు పెద్దాయనతో కలిసి నడిచాను. ప్రొటెక్షన్ వాచర్‌గా ఏళ్ల తరబడి చేసిన మనిషి. "పులి యాడుందని అడుగుతారమ్మా వచ్చినోళ్లు. కనపల్లేదంటే డబ్బులు పాయె అంటారు" అన్నాడు. "మరి నువ్వేం చేస్తావు పెద్దాయనా?" అంటే, ఒక చెట్టు దగ్గర ఆపి బెరడు మీద ఎలుగు గోళ్ల గాట్లు చూపించాడు. అది తేనె కోసం ఎక్కిందని, ఎక్కేటప్పటి గాటు ఒక రకం, జారి దిగేటప్పటి గాటు ఇంకో రకం అని వేలు పెట్టి చెప్పాడు. మాతో ఉన్న హైదరాబాద్ కుటుంబంలోని పిల్లలు ఆ తర్వాత పులి మాట ఎత్తలేదు, ప్రతి చెట్టూ వెతుక్కుంటూ నడిచారు. సందర్శకుడి అనుభవం అని మనం పేపర్లో రాసేది ఇదే. దానికి కోట్లు పెట్టి భవనం కట్టక్కర్లేదు. ఆ పెద్దాయనకి గౌరవం, వేళకి జీతం, ఆయన పక్కన నడిచి నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్లు కావాలి.

ఇదే మాటకి దేశంలో బలమైన సాక్ష్యం కేరళలోని పెరియార్ టైగర్ రిజర్వు. ఒకప్పుడు అడవిలో దొంగతనంగా దాల్చిన జాతి చెట్ల బెరడు ఒలిచినవాళ్లని, వేటకి వెళ్లినవాళ్లని 1990ల చివర్లో పర్యావరణ అభివృద్ధి కమిటీలుగా కూర్చి గైడ్లుగా మార్చారు. అడవి దారులు వాళ్లకంటే తెలిసినవాళ్లు లేరు. ఆడవాళ్లు వసంత సేన పేరుతో జీతం లేకుండా గస్తీ తిరిగారు. టైగర్ రిజర్వుల 2022 నిర్వహణ సామర్థ్య మూల్యాంకనంలో పెరియార్ 94.38 శాతంతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అదే పెరియార్ సరస్సులో 2009 సెప్టెంబరు 30న పర్యాటక బోటు బోల్తా పడి 45 మంది చనిపోయారు. రెండూ కలిపి చదవండి. మన దగ్గర 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. ఇలాంటి చోట కావాల్సినవి లైఫ్ జాకెట్టు, బోటు ఫిట్‌నెస్, వరద ఉన్నరోజు "వద్దు" అనగలిగే అధికారి. సందర్శకుల అనుభవం గురించి రాసే ఏ జవాబులోనైనా భద్రత మొదటి పేరాలో ఉండాలి.

నాయకత్వం గాడి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ టైగర్ రిజర్వులో జరిగిన పాఖ్రో టైగర్ సఫారీ వ్యవహారం చదవండి. అక్రమంగా చెట్లు కొట్టి, కట్టడాలు కట్టిన తీరుపై 2024 మార్చిలో సుప్రీంకోర్టు తీవ్రంగా స్పందించింది. పర్యాటకం పేరుతో జరిగిన పని అది. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఫైలు మీద ఏం రాస్తావు అనేది ఎథిక్స్ ప్రశ్నలా కనిపించినా, ఫారెస్ట్ అధికారికి అది చట్టం ప్రశ్న కూడా.

ఇక ఇంటర్వ్యూ. నా దరఖాస్తులో ఊరు చూసి బోర్డు నేరుగా శ్రీశైలం దగ్గరికి వచ్చింది. ఉగాది ముందు కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం చేరతారు. అదంతా టైగర్ రిజర్వు. "మీరు డీఎఫ్‌ఓ అయితే ఈ నడక ఆపేస్తారా?" అని అడిగారు. ఆపనని చెప్పాను. తరాలుగా నడిచే దారిని ఒక ఉత్తర్వుతో మూయలేం, మూస్తే జనం పక్కదారులు పడతారు, అది అడవికి ఇంకా చేటు. రోజులు ముందే ప్రకటిస్తాను. చీకటి పడ్డాక ఎవరినీ బయలుదేరనివ్వను. తాగునీళ్లు దారిలోనే దొరికితే వాగులవైపు చెదరరు. శివరాత్రి నుంచి ఉగాది దాకా అడవి ఎండి ఉండే కాలం, కార్చిచ్చు కాలం. కాబట్టి వంట నిర్ణయించిన చోట్లే, అన్నదానం చేసేవాళ్లతో ముందే మాట్లాడి. ప్లాస్టిక్ ప్రవేశం దగ్గరే ఆపాలి. కన్నడంలో మాట్లాడగల వాలంటీర్లు కావాలి, ఎందుకంటే తెలుగు బోర్డు చదవలేని మనిషిని నియమం తప్పాడని తప్పుపట్టలేం.

"మిగతా శాఖలు సహకరించకపోతే?" అన్నది తర్వాతి ప్రశ్న. ఇదే అసలు నాయకత్వ ప్రశ్న అని నాకు తోచింది. దేవస్థానం, పోలీసు, వైద్య శాఖ నా కింద పనిచేయవు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్ ఆధారంగా పంపే అగ్ని హెచ్చరికలని గత ఏళ్ల నడక రోజులతో కలిపి ఒక మ్యాపు వేసి, కలెక్టర్ సమావేశంలో అందరి ముందూ పెడతానని చెప్పాను. తిరుమల దారి గురించి కూడా అడిగారు. 2023 ఆగస్టులో అలిపిరి నడక మార్గంలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. ఆ తర్వాత 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటల తర్వాత ఆ దారిలో పంపకుండా ఆంక్ష పెట్టారు. మెట్ల పక్కన తిండి చెత్త పేరుకుంటే కుక్కలు, పందులు చేరతాయి, వాటి వెంట చిరుత వస్తుంది. కాబట్టి చెత్త బండి కూడా వన్యప్రాణి నిర్వహణలో భాగమే అన్నాను. ఒక సభ్యురాలు అక్కడ తల ఊపి, చెత్త ఎవరు తీయాలి, ఖర్చు ఎవరిది అని వివరంగా అడిగారు. ఇలాంటి చిన్న వివరాలు మీ దగ్గర ఉంచుకోండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఒక మాట. మెయిన్స్ ఇంగ్లిష్‌లోనే రాయాలి, అది మారదు. నేను ప్రతి అంశాన్నీ ముందు మా రూమ్మేట్‌కి తెలుగులో వివరించేదాన్ని. తను బోటనీ కాదు, కామర్స్. తనకి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే ఇంగ్లిష్‌లో రాసేదాన్ని. పేరాలు చిన్నగా, సొంత ఉదాహరణతో వచ్చేవి. కాకినాడ దగ్గర ఉన్నవాళ్లు కోరింగ మడ అడవుల్లోని చెక్క నడక దారి చూడండి. గోదావరి వైపు వాళ్లు మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి (అడవిని కాపాడే ఊరివాళ్ల సంఘం) పర్యాటకం ఎలా నడుపుతుందో అడిగి తెలుసుకోండి. హైదరాబాద్‌లో చదువుతున్నవాళ్లకి కేబీఆర్ పార్కు ఉంది. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే వందల మంది మధ్య నెమలి ఎలా బతుకుతోందో అక్కడే గమనించవచ్చు.

ఇంటర్వ్యూ తర్వాత మెడికల్‌తో పాటు నడక పరీక్ష ఉంటుంది: నాలుగు గంటల్లో పురుషులకి 25 కిలోమీటర్లు, మహిళలకి 14. మెయిన్స్ అయిన వారం నుంచే నడక మొదలుపెట్టండి. కొత్త బూట్లు ఆ రోజుకి దాచుకోకుండా ముందే వేసుకుని అరగదీయండి, మడమలు ఒరుసుకుపోతే 14 కూడా కష్టమే.