సంపినవా, దాసినవా?

2024 ఫిబ్రవరిలో సమ్మక్క జాతరకు పోయినప్పుడు నెగడు పని నా మీద పడ్డది. హన్మకొండలో గ్యాస్ పొయ్యి తప్ప ఇంకేదీ ముట్టించినోణ్ని కాదు నేను. మా మేనమామ మాత్రం చిన్నప్పుడు ఎడ్లబండి మీద మేడారం వచ్చిన మనిషి.

జంపన్న వాగుకు కొంచెం ఎడంగా చెట్ల కింద పరదా కట్టుకున్నం. ఆకు రాలే రోజులు, అడుగేస్తే కరకరమంటది. ఆ ఆకుల మీదనే కట్టెలు పేర్చబోతే మామ ఆపిండు. చుట్టూ ఆకు, గడ్డి పారతో గీకించి, ఉత్త మట్టి తేలినంక నడుమ జానెడు గుంత తీయించిండు. పరదా గాలి వచ్చే దిక్కున, పదడుగుల దూరంల. అంచుకు పెడదామని వాగుల రాళ్లు తెస్తే అవీ వద్దన్నడు. తడి రాయిల నీళ్లు ఆవిరై, పగిలి మీద పడుతదట.

కట్టెల మోపు కొన్నం. లావు దుంగలు పేర్చి అరగంట అగ్గిపుల్లలు గీకిన. అత్త వచ్చి అన్నీ పీకేసి, వేలు మందం ఎండు పుల్లలు సందు ఉండేటట్టు నిలబెట్టింది. ఒక్క అగ్గిపుల్లకే అంటుకున్నది. ఇంతల పక్క డేరా పిల్లగాడు ఓ వెదురు ముక్క పడేసిండు. కణుపుల నడుమ గాలి వేడెక్కి ఢామ్మన్నది. నా దుప్పటికి ఆ బొక్క ఇప్పటికీ ఉన్నది.

అసలు తిప్పలు ఆర్పేటప్పుడే. మంట తగ్గింది గదా అని మట్టి కప్పి, చేతులు దులుపుకొని వచ్చిన.

"సంపినవా, దాసినవా?" అన్నడు మామ.

వెనుకట అగ్గిపెట్టె ఖర్చు ఎందుకని పొయ్యిల నిప్పును బూడిద కప్పి తెల్లారేదాకా కాపాడేటోళ్లట. బొగ్గు బట్టీ కూడా మట్టి కప్పే కాలుస్తరు. నేను చేసింది అదే. మట్టి తీస్తే లోపల కణకణ. ఎండిన వేరు దొరికితే నిప్పు దాని వెంబడే పోయి, ఇంకోచోట లేస్తదన్నడు.

నీళ్లు తెచ్చిన. ఒక్కసారే కుమ్మరిస్తే ఆవిరి మొఖాన కొడుతది, పక్కకు నిలబడి చల్లాలె. చుయ్‌మంటది. కట్టెతో కలపాలె, దుంగలు తిప్పి అడుగు తడపాలె, మళ్లీ నీళ్లు. మూడు బిందెలు పోయినయి. ఆ జనంల నల్లా కాడ నిలబడ్డ సేపు, సలి కాగిన సేపు కంటే ఎక్కువే! చివరికి మామ బూడిదకు కాస్త పైన చెయ్యి వెనుక వైపు పెట్టి చూసి, తర్వాత మెల్లగ దానికి తాకిచ్చిండు.

"ఇంకా ఎచ్చగనే ఉన్నది. ఇంకో బిందె తేపో."

మరునాడు రాత్రి రెండు బిందెలు నింపి పక్కన పెట్టుకున్నంకనే పుల్ల గీసిన. మంట కూడా చిన్నదే పెట్టిన. సలికి సాలట్లేదని అత్త తిట్టింది.