క్రైస్తవ నవల చేతికొస్తే ముందు కథ, తర్వాతే పాఠం

శ్రీకాకుళం, విజయనగరం వైపు సంఘాల్లో పుస్తకం కొనే అలవాటు ఇంకా ఉంది. కన్వెన్షన్ సభలప్పుడు పందిరి బయట బల్ల మీద పుస్తకాలు పరిస్తే ఆగి చూసేవాళ్ళు చాలామందే ఉంటారు. కొనేవి మాత్రం ఎక్కువగా ప్రసంగాలు, ప్రకటన గ్రంథం మీద వివరణలు, ప్రార్థన గురించిన చిన్న పుస్తకాలు. నవల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. కల్పన కదా, అందులో ఆత్మీయంగా ఏముంటుంది అని అనుమానం.

రెండో సమూయేలు 12వ అధ్యాయం తీసి చూడండి. తప్పు చేసిన దావీదు రాజు దగ్గరకు వెళ్ళిన నాతాను ప్రవక్త నేరుగా గద్దించలేదు. ఒక పేదవాడు, వాడు కూతురిలా పెంచుకున్న గొర్రెపిల్ల, దాన్ని పట్టుకుపోయిన ధనవంతుడు అంటూ కథ చెప్పాడు. దావీదు ఆ కథలో మునిగిపోయి, ఆ ధనవంతుడి మీద మండిపడ్డాకే నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఆ మాట ముందే అనేసి ఉంటే రాజు తన సమర్థన తాను చూసుకునేవాడు. క్రైస్తవ నవల చదివే పద్ధతి అంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మొదటిసారి చదివేటప్పుడు పాఠం వెతక్కండి. కథ ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళండి. పెన్సిలు పక్కన పెట్టేయండి.

ఇంగ్లీషు రచయిత జాన్ బనియన్ "యాత్రికుని ప్రయాణం" తీసుకుందాం, ఒక విశ్వాసి పరలోక పట్టణానికి చేసే ప్రయాణం కథ. మన ఇళ్ళలో పేరు తెలిసినవాళ్ళు ఎక్కువ, చివరిదాకా చదివినవాళ్ళు తక్కువ. మధ్యలో వదిలేయడానికి ముఖ్య కారణం ఒకటుంది. బనియన్ పక్కన ఇచ్చిన వాక్యాల రిఫరెన్సులన్నీ తీసి చూసుకుంటూ చదవబోతారు. పేజీకి నాలుగైదు రిఫరెన్సులుంటే పది పేజీలకు గంట పడుతుంది, యాత్రికుడు ఎక్కడున్నాడో మరిచిపోతాం. ఆ పని రెండోసారికి ఉంచండి. ఇంకో కారణం, చేతిలో ఉన్నది ఏ పుస్తకమో తెలియకపోవడం. మొదటి భాగం 1678లో వచ్చింది, రెండో భాగం 1684లో. రెండోది యాత్రికుడి భార్య, పిల్లలు చేసిన ప్రయాణం. చాలా ముద్రణల్లో మొదటి భాగమే ఉంటుంది, పిల్లల కోసం కుదించినవి వేరే ఉంటాయి. కొనేటప్పుడు విషయసూచిక చూడండి. భార్యాపిల్లల ప్రయాణం లేకపోతే అది మొదటి భాగం మాత్రమే. వంద పేజీల లోపు ఉంటే దాదాపుగా కుదించినదే. కుదించినది చదవడం తప్పేం కాదు గానీ, అందులో ముందు పోయేవి సంభాషణలు, ఆ పుస్తకం రుచి ఉన్నదే వాటిలో.

సందేహ దుర్గం ఘట్టం చూడండి. దారి గరుకుగా ఉందని యాత్రికుడు, అతని తోటివాడు కంచె దాటి మెత్తటి పచ్చిక దారి పడతారు. నిరాశ అనే రాక్షసుడికి దొరికిపోతారు. బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రిదాకా చీకటి కొట్లో, తిండీ నీళ్ళూ లేకుండా పడి ఉంటారు. శనివారం అర్ధరాత్రి ప్రార్థన మొదలుపెట్టి తెల్లవారుజాముదాకా చేస్తారు. అప్పుడు గుర్తొస్తుంది యాత్రికుడికి, వాగ్దానం అనే తాళంచెవి మొదటినుంచీ తన రొమ్ములోనే ఉందని. ఇక్కడిదాకా ప్రసంగాల్లో విన్నదే. ప్రసంగాల్లో అంతగా వినపడనిది ఇంకొకటుంది. లోపలి తలుపులు సులువుగా తెరుచుకుంటాయి, బయటి ఇనుప గేటు తాళం మాత్రం బాగా మొరాయిస్తుంది. ఎంతో బలంగా తిప్పితే గానీ రాదు. గేటు కిర్రుమన్న చప్పుడుకి రాక్షసుడు లేస్తాడు కూడా. 1660 నుంచి పన్నెండేళ్ళు బెడ్‌ఫర్డ్ జైల్లో గడిపిన బనియన్ రాశాడు ఆ తాళం గురించి. వాగ్దానం ఉన్నా గేటు కష్టంగానే తెరుచుకుందన్న ఆ ఒక్క వివరంలో నిజంగా నలిగినవాడికి దొరికే ఆదరణ ఏ వివరణ పుస్తకంలోనూ దొరకదు. కథను పరుగెత్తించి సారాంశం మాత్రమే తీసుకునేవాళ్ళకు దక్కనిది అదే.

పాత అనువాదాలు గ్రాంథికంలో ఉంటాయి. పరిశుద్ధ గ్రంథం భాషకు అలవాటుపడ్డ పెద్దవాళ్ళకు అది ఇబ్బంది కాదు. ఇంటర్, డిగ్రీ పిల్లలు మాత్రం రెండు పేజీలకే మూసేస్తారు. దీనికి పైకి చదవడమే మందు. కుటుంబ ప్రార్థన అయ్యాక ఇంట్లో పెద్దవాళ్ళు మొదటి రెండు మూడు రోజులు చదివి వినిపిస్తే చెవికి ఆ భాష పట్టుబడుతుంది, తర్వాత పుస్తకం పిల్లల చేతికి ఇవ్వవచ్చు. మామూలు అచ్చు పేజీ పైకి చదవడానికి రెండు నుంచి రెండున్నర నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలంటే ఎనిమిది నుంచి పది పేజీలు. అంతకు మించి చదివితే వినేవాళ్ళ ధ్యాస చెదిరిపోతుంది. ఘట్టం పూర్తయ్యేదాకా ఆగాలని లేదు. ఉత్కంఠ ఉన్నచోట ఆపితే మర్నాడు వాళ్ళే అడుగుతారు.

అలా ఆపి ఆపి చెప్పడం సంఘంలో ఎంత బాగా పనిచేస్తుందో చార్లెస్ షెల్డన్ చూపించాడు. అమెరికాలో టొపీకా అనే ఊళ్ళో పాస్టరు. 1896లో ఆదివారం సాయంకాలం ఆరాధనలో ప్రసంగానికి బదులు తాను రాస్తున్న నవలలో వారానికో అధ్యాయం చదివాడు. "ఇన్ హిజ్ స్టెప్స్" అలా పుట్టింది. పనిపోయిన ఒక మనిషి ఆరాధనకు వచ్చి, మీరు పాడే పాటలకూ బతుకుకూ సంబంధమేమిటని అడిగి అక్కడే కుప్పకూలుతాడు. దాంతో కొందరు సంఘస్థులు, యేసు అయితే ఏం చేస్తాడు అని అడక్కుండా ఏడాదిపాటు ఏ పనీ చేయకూడదని తీర్మానించుకుంటారు. పత్రికాధిపతి, గాయని, వ్యాపారి, ఒక్కొక్కరికీ అది ఒక్కోచోట తగులుతుంది. సాహిత్యంగా గొప్ప నవల అనను, మనుషులు కొంచెం ఒకే అచ్చులో ఉంటారు. గుంపుగా చదవడానికి మాత్రం దీనికి సాటి తక్కువ. ఆ ప్రశ్నకు టెక్కలిలో కిరాణా కొట్టు నడిపేవాళ్ళ జవాబు ఒకటి, బొబ్బిలిలో టీచరు జవాబు మరొకటి.

గుంపుగా చదవాలంటే ఆరుగురు ఎనిమిదిమంది చాలు. పదిమంది దాటితే ఇద్దరే మాట్లాడతారు. నలభై నిమిషాలు అనుకోండి, సగం చదవడానికి, సగం మాటలకు. "ఈ అధ్యాయంలో మనం నేర్చుకున్నదేమిటి?" అని మొదలుపెట్టొద్దు. అందరూ సండే స్కూల్లో చెప్పినట్టు చెప్పేసి ఊరుకుంటారు. ఎవరి మీద కోపమొచ్చింది, ఎక్కడ ఆగిపోయారు, ఆ చోట మీరుంటే ఏం చేసేవారు అని అడగండి. పాస్టరు గారు ఉంటే చివర మాట్లాడమని ముందే మనవి చేసుకోవాలి. ఆయన ముందు మాట్లాడితే తర్వాత ఎవరూ నోరు విప్పరు, అది గౌరవంతోనే. చదవడం తడబడేవాళ్ళను పైకి చదవమని బలవంతపెట్టకండి. వాళ్ళు మళ్ళీ రారు. వినేవాళ్ళు కూడా చదువరులే.

బైబిలు కాలపు నవలల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. లూ వాలెస్ "బెన్‌హర్" 1880 నాటిది. మొదలే జ్ఞానుల రాకతో ఉంటుంది. ఐగుప్తు నుంచి బల్తాజరు, హిందూదేశం నుంచి మెల్కియోరు, గ్రీసు నుంచి గాస్పరు ఎడారిలో కలుసుకునే తీరు మనసులో నిలిచిపోతుంది. నిలిచిపోవడమే చిక్కు. మత్తయి 2వ అధ్యాయంలో వాళ్ళ పేర్లూ లేవు, ముగ్గురన్న లెక్కా లేదు. తూర్పు దేశపు జ్ఞానులు అని, మూడు రకాల కానుకలని మాత్రమే ఉంది. కథానాయకుడు బెన్‌హర్‌కు నజరేతులో యేసు నీళ్ళివ్వడం, అతని తల్లికీ చెల్లికీ కుష్ఠు నయమవడం వాలెస్ ఊహ. నవలగా అవి చక్కటి ఘట్టాలు. అవే సండే స్కూలు పాఠంలోకి, క్రిస్మస్ నాటకంలోకి వాక్యంలా వచ్చేస్తే పిల్లలు పెద్దయ్యాక సువార్తలో వెతికి దొరక్క తికమకపడతారు. అందుకే పుస్తకం పూర్తయిన వారం సువార్తలో ఆ భాగం తీసి, ఇది వాక్యం, ఇది రచయిత అల్లింది అని ఇంట్లోవాళ్ళతో కలిసి విడదీసి చూడండి. మధ్యలో చేస్తే కథ చెడుతుంది, అసలు చేయకపోతే వాక్యం కలుషితమవుతుంది.

నవల మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళు చిన్న కథతో మొదలుపెట్టవచ్చు. తెలుగు కథల కోసమే కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం అనే లైబ్రరీ స్థాపించిన శ్రీకాకుళంలో ఉంటూ, కథ చదవడానికి సాకు వెతుక్కోనక్కరలేదు. టాల్‌స్టాయ్ 1885లో రాసిన చెప్పులు కుట్టే మార్టిన్ కథ పైకి చదివితే సుమారు అరగంట. నేలమాళిగ కిటికీలోంచి మార్టిన్‌కు దారిన పోయేవాళ్ళ కాళ్ళే కనిపిస్తాయి. ప్రభువు వస్తాడని రోజంతా ఎదురుచూస్తూ మంచు ఊడ్చే ముసలివాడికి టీ ఇస్తాడు, చంటిపిల్లతో వణుకుతున్న తల్లికి వేడి సూపు పెడతాడు. చివర, అల్పులకు చేసింది నాకు చేసినట్టే అని ప్రభువు చెప్పిన మత్తయి 25వ అధ్యాయం దానంతటదే తెరుచుకుంటుంది. చదివేవాళ్ళు అక్కడ ఒక్క మాట కూడా కలపకూడదు. తెలుగులోనే పుట్టిన రచన కావాలంటే జాషువా "క్రీస్తు చరిత్ర" ఉంది, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పద్యకావ్యం. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడి పెరిగిన చెవికి ఆ పద్యాలు కొత్తగా అనిపించవు. రోజుకు అయిదారు పద్యాలు గొంతెత్తి చదివితే చాలు.

ఇక కష్టంలో ఉన్నవాళ్ళకు పుస్తకం ఇవ్వడం. అందరికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కోరీ టెన్ బూమ్ "ద హైడింగ్ ప్లేస్" 1971లో వచ్చింది, నవల కాదు, జరిగిన జీవితం. హాలండులో గడియారాలు బాగుచేసే కుటుంబం నాజీల నుంచి యూదులను కాపాడడానికి ఇంట్లో దాచి, 1944లో పట్టుబడింది. నాజీల రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో, ఖైదీలను ఉంచిన బారక్ నిండా ఒంటిని కొరికే ఫ్లీ అనే చిన్న పురుగులు. వాటికోసం కూడా దేవునికి కృతజ్ఞత చెప్పాలంటుంది అక్క బెట్సీ. కోరీకి మింగుడుపడదు. ఆ పురుగుల భయంతోనే కాపలావాళ్ళు లోపలికి రావడంలేదనీ, అందుకే తాము నిర్భయంగా బైబిలు చదువుకోగలిగామనీ తర్వాత తెలుస్తుంది. బెట్సీ ఆ డిసెంబరులోనే అక్కడే చనిపోయింది. గొప్ప పుస్తకం, కానీ నిన్న మొన్న మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఇది పట్టుకెళ్ళకండి. మేమూ కృతజ్ఞత చెప్పాలన్నమాట అని వాళ్ళు కుమిలిపోతారు. ఏడాది గడిచాక ఇవ్వండి. జబ్బుతో ఉన్నవాళ్ళకు అద్భుత స్వస్థతల సాక్ష్యాల పుస్తకం అంతకన్నా పొరపాటు. నయం కాకపోతే తమ విశ్వాసం చాలలేదనుకుంటారు.

అలాంటివాళ్ళకు రోజుకో పేజీ ధ్యానమే సరైనది. "ఎడారిలో సెలయేర్లు" మన తెలుగు ఇళ్ళలో ఎరగనివాళ్ళు తక్కువ. జపానులో మిషనరీగా పనిచేసిన భర్త మంచాన పడితే, ఆయన పక్కన ఉన్న ఏళ్ళలో తమను నిలబెట్టిన మాటలను శ్రీమతి కౌమన్ పోగుచేసింది. 1924లో ఆయన పోయాక, 1925లో పుస్తకం వచ్చింది. అందుకే అందులో తొందరపెట్టే గొంతు లేదు. ఏ పుస్తకమైనా తేదీల వారీగా ఉన్నదైతే, నాలుగు రోజులు తప్పిపోతే వెనక్కి వెళ్ళి పూరించకండి. ఈ రోజు తేదీ తీయండి. బాకీ తీర్చినట్టు చదివేవాళ్ళే మార్చికల్లా మానేస్తారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకైతే పెద్ద అక్షరాలది, పడుకుని ఒక చేత్తో పట్టుకోగలిగినంత తేలికైనది చూడండి.

సంఘంలో చిన్న బీరువా పెట్టాలనుకుంటే పాతిక ముప్పై పుస్తకాలు చాలు, అడిగే పుస్తకాలు రెండేసి కాపీలు ఉంచండి. రిజిస్టరులో పుస్తకం పేరు, తీసుకున్నవారు, తేదీ, తిరిగిచ్చిన తేదీ, ఇంతే. గడువు రెండు ఆదివారాలు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరు ఊరెళ్ళిన వారం లైబ్రరీ మూతపడుతుంది, కాబట్టి స్త్రీల సమాజంలో ఒకరి దగ్గర, యూత్‌లో ఒకరి దగ్గర ఉంచండి. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. చెమ్మ, చెదలు రెండూ గోడ నుంచి, నేల నుంచి వస్తాయి. ఎండబెట్టిన వేపాకు అరల్లో వేసి మూడు నెలలకోసారి మార్చాలి. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది మన తీరానికే. సెప్టెంబరులోనే కింది అర ఖాళీచేసి పుస్తకాలు పైకి సర్దేయండి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పడేస్తే కాగితం ముడుచుకుపోయి అట్ట వంకరవుతుంది. ఇరవై పేజీలకోసారి పొడి న్యూస్‌పేపరు పెట్టి, ఫ్యాను కింద ఉంచి, కాగితాలు తడవగానే మారుస్తూ ఉండాలి. చెమ్మ దాదాపు పోయాక పైన బరువు పెట్టి రెండు రోజులు వదిలేస్తే అట్ట చదునవుతుంది.