ఎల్ బోర్డు కారుకి ఇన్సూరెన్స్: డబ్బు ఎక్కడ మిగులుతుంది, క్లెయిమ్ ఎక్కడ పోతుంది

కుర్రాడు స్టీరింగ్ పట్టాడంటే ప్రీమియం రెండింతలవుతుందని అమెరికాలో ఉన్న చుట్టాలు భయపెడుతుంటారు. అక్కడి సంగతి వేరు. మన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి తీసుకునే బీమా) రేటు నడిపేవాడి వయసు అడగదు, ఇంజను సీసీ అడుగుతుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన కేంద్రం పట్టికలో ప్రైవేటు కారుకి 1000 సీసీ వరకు ఏడాదికి 2,094 రూపాయలు, అది దాటి 1500 వరకు 3,416, ఆపైన 7,897. మీద 18 శాతం జీఎస్టీ. ఏ కంపెనీ గుమ్మం ఎక్కినా ఇదే రేటు, బేరం ఉండదు.

అందుకే ఇన్సూరెన్స్ చవగ్గా పడాలంటే కారు కొనే రోజే ఆలోచించుకోవాలి. నేర్చుకోవడానికి సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే ఆల్టో 800 (796 సీసీ), సెలెరియో (998) మొదటి శ్లాబులోకి వస్తాయి. స్విఫ్ట్ (1197), టియాగో (1199), పాత శాంత్రో (1086) రెండో దాంట్లో పడతాయి. వ్యాగనార్ దగ్గరే తికమక: 998 ఉంది, 1197 ఉంది, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్రోకరు మాట పక్కన పెట్టి సీ బుక్‌లో సీసీ ఎంతుందో మీ కళ్లతో చూసుకోండి. శ్లాబు మారితే తేడా 1,322, జీఎస్టీతో కలిపి 1,560. ఏటా కట్టేదే కదా.

కంపెనీకీ కంపెనీకీ తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్ భాగంలో, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టేదాంట్లో. అది కారు విలువ (ఐడీవీ), బండి వయసు, సీసీ, రిజిస్ట్రేషన్ ఊరు చూసి వేస్తారు. టారిఫ్‌లో హైదరాబాద్ ‘ఎ’ జోను, విశాఖ ‘బి’ జోను. కాబట్టి హైదరాబాద్ రిజిస్ట్రేషన్ బండి తెచ్చి విశాఖ ఎంవీపీ కాలనీలో పెట్టుకున్నా ‘ఎ’ జోనుగానే లెక్క. తేడా కొద్దిగానే ఉంటుంది, కానీ కొటేషన్లు పోల్చేటప్పుడు తెలిసుండాలి. ఇంకో కిటుకు కూడా కనిపెట్టాలి. కొటేషన్ మరీ తక్కువగా వచ్చిందంటే చాలాసార్లు ఐడీవీ కోసేసి ఉంటారు. అన్ని కొటేషన్లలోనూ ఒకే ఐడీవీ పెట్టించాకే పోల్చండి.

కారు ఎవరి పేరు మీద ఉండాలి? నాన్నగారు పాత కారు అమ్మేస్తూ కొత్తది తీసుకుంటుంటే ఆయన పేరునే పెట్టడం లాభం. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుది కాదు, మనిషిది. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే ఓన్ డ్యామేజ్ మీద 50 శాతం. పాత కంపెనీ నుంచి బోనస్ లెటరు తీసుకుంటే మూడేళ్ల వరకు వాడుకోవచ్చు. ఆయన ఉండగా అది కొడుకు పేరుకి మారదు. అయితే ఇందులో ఓ లొసుగుంది. 15 లక్షల తప్పనిసరి పర్సనల్ యాక్సిడెంట్ కవరు లైసెన్సున్న ఓనరుకే. నాన్న కారు నడిపే అబ్బాయికో అమ్మాయికో అది వర్తించదు. వాళ్ల పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోవాలి.

ఇక అసలు గొడవ ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు. లెర్నరు నడిపితే క్లెయిమ్ రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. పాలసీలో డ్రైవర్ క్లాజు చదవండి: చెల్లుబాటులో ఉన్న లెర్నర్ లైసెన్సు ఉన్నవాళ్లు కూడా నడపొచ్చు, సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్ 1989లో 3వ రూలు పాటిస్తే. ఆ రూలు చెప్పేవి మూడు. నేర్చుకునేవాళ్ల దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి. పక్కన కారు లైసెన్సున్న మనిషి, అవసరమైతే బండి ఆపగలిగే చోట కూర్చోవాలి. అంటే హ్యాండ్ బ్రేకు అందే ముందు సీట్లో, వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ కాదు. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ ఉండాలి. కనీసం పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లు. వెనక అద్దానికి తెల్ల కాగితం అంటించి స్కెచ్ పెన్నుతో గీసింది, నష్టం చూడడానికి కంపెనీ పంపే సర్వేయరు ఒప్పుకుంటాడన్న భరోసా లేదు.

క్లెయిములు పోయేది ఇక్కడే. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలు. 30 రోజులు దాటాక టెస్టుకి వెళ్లొచ్చు, కానీ మాధవధార ఆర్టీఓ ఆఫీసుకి రేపు మాపు అంటూ ఏడో నెల వచ్చేస్తుంది. ఇంకో పొరపాటు, బైకు లైసెన్సు ఉంది కదా అని కారు తీయడం. గేరు బైకు లైసెన్సు కారుకి పనికిరాదు. మద్దిలపాలెం జంక్షన్‌లో ఎవరినైనా గుద్దితే కంపెనీ బాధితులకి కట్టి, ఆ డబ్బు ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చు. మీ కారు సొట్టలకి మాత్రం పైసా ఇవ్వదు. పద్దెనిమిది నిండని పిల్లల చేతికి తాళాలిస్తే 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, అదీ కారు ఇచ్చిన పెద్దవాళ్లకి.

కొత్త చేతులకి గీతలు, సొట్టలు తప్పవు. ప్రతిదానికీ క్లెయిమ్ వేయకండి. లెక్క చూడండి. బంపరు 4,000, లేబరు 1,500 అనుకుందాం. జీరో డెప్ (విడిభాగాల పాతదనానికి కోత వేయకుండా ఇచ్చే అదనపు కవరు) లేకపోతే ప్లాస్టిక్‌కి సగమే ఇస్తారు, 2,000. లేబరుతో 3,500. తప్పనిసరి కోత 1,000 (1500 సీసీ వరకు) పోతే చేతికొచ్చేది 2,500. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000 అనుకుంటే, వచ్చే ఏడాది రావాల్సిన 35 శాతం బోనస్ పోయి 2,100, జీఎస్టీతో 2,478 అదనంగా కట్టాలి. ఆ తర్వాతి ఏడాది కూడా 45 శాతానికి బదులు 20 శాతమే. ఇంత చేసి మిగిలింది సున్నా కంటే తక్కువ.

వాలంటరీ డిడక్టబుల్ ఎంచుకుంటే తగ్గింపు వస్తుందని ఏజెంట్లు చెబుతారు. పాత టారిఫ్ లెక్కలో 2,500 మనం భరిస్తే తగ్గేది 20 శాతం, కానీ 750 మించదు. నేర్చుకునే ఏడాది అది దండగ. ఆ డబ్బుతో, కారు అయిదేళ్ల లోపుదైతే, జీరో డెప్ తీసుకోండి.

పాత కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే చాలనుకుంటే మొదటి శ్లాబులో జీఎస్టీతో 2,471, పర్సనల్ యాక్సిడెంట్ అదనం. వైజాగ్‌లో మాత్రం కొంచెం ఆగి ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి చెట్లు కూలి నుజ్జయిన కార్లకి పరిహారం వచ్చేది ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకే. వరద నీట్లో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీళ్లు లాగేసి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే అది మీ నెత్తినే. ఉప్పుగాలికి పట్టే తుప్పుకి ఏ పాలసీ ఇవ్వదు.

సెకండ్ హ్యాండ్ కొన్నాక సీ బుక్ మార్చి ఊరుకుంటే సరిపోదు. 14 రోజుల్లో పాలసీ కూడా మీ పేరుకి మార్పించాలి. అమ్మినాయన బోనస్ మీకు రాదు కాబట్టి మిగిలిన కాలానికి ఆ తేడా కట్టమంటారు. కట్టేయండి. గడువు తీరిన పాలసీని 90 రోజుల్లోపు రెన్యూ చేయకపోతే సంపాదించుకున్న బోనస్ పోతుంది, పైగా బండి ఇన్‌స్పెక్షన్ కూడా చేయించాలి.