హిమాలయన్ 411 బరువు తగ్గింపు: రాయగడ కాటా లెక్కలు

మొదటి ఆదివారం: తూకం

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, బీఎస్6. కంపెనీ లెక్క 199 కిలోలు, అదీ ట్యాంకు తొంభై శాతం నింపి. లారీల వేబ్రిడ్జి ఈ పనికి పనికిరాదు, అది ఐదేసి పదేసి కిలోల లెక్కనే చూపిస్తుంది. ధాన్యం కొట్లో ఉండే ప్లాట్‌ఫారం కాటా సరిపోతుంది. ఒక చక్రం కాటా మీద పెట్టినప్పుడు రెండో చక్రం కింద సరిగ్గా కాటా అంత ఎత్తు చెక్క పెట్టాలి. చెక్క లేకపోతే బండి వాలి, ఒకవైపు ఎక్కువ చూపిస్తుంది. బండిని నిటారుగా పట్టుకునే మనిషి హ్యాండిల్ మీద చెయ్యి ఆనించాలే గానీ బరువు మోపకూడదు.

ఫుల్ ట్యాంకు, 15 లీటర్లతో ముందు 99.3, వెనక 115.2, మొత్తం 214.5 కిలోలు. కంపెనీ లెక్కకు పైన ఉన్నదంతా తర్వాత బిగించిన ఇనుమూ, మందపాటి ట్యూబులూ, నిండు ట్యాంకులోని అదనపు పెట్రోలూ. విడి భాగాలకు కొక్కెం కాటా వాడాం. విప్పిన ప్రతిదాన్నీ బోల్టులతో సహా తూచి రాసుకోవాలి. అమ్మేవాళ్ళు చెప్పే బరువులో క్లాంపులు ఉండవు.

రెండో వారం: ఇనుము

సైడు పెట్టెల కోసం వేసిన ఇనుప ఫ్రేములు 5.8 కిలోలు. పెట్టెలు లేని రోజుల్లో కూడా అవి వెనక చక్రాన్ని దాటి వేలాడుతూనే ఉంటాయి. తీసేసి, సామాను ఉన్న రోజు గుడ్డ సంచులు కట్టుకోవడమే మేలు. సంచి పట్టీ సైలెన్సర్‌కి తగిలితే కరుగుతుంది, అక్కడ రేకు ముక్క అడ్డం పెట్టాలి.

వెనక ఇనుప ర్యాకు బదులు అల్యూమినియం ప్లేటు వేస్తే 1.1 కిలో తగ్గింది. ప్లేటుకి కొత్త రంధ్రం వేస్తే అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాలి. లేకపోతే గతుకుల్లో పగులు అక్కడినుంచే మొదలవుతుంది. లెగ్ గార్డు పూర్తిగా తీసేయలేదు. ఒడిశాలో రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్ళే దారిలో వంపు మీద గులకరాళ్ళకు బండి పడితే దెబ్బ తినేది ఇంజను పక్కనే. 6.9 కిలోల లావు గార్డు తీసి 4.1 కిలోల సన్న గొట్టంది వేశాం. ఇంజను కింది ప్లేటు ముట్టుకోలేదు.

మెయిన్ స్టాండు 3.4 కిలోలు, అదీ తీసేశాం. దాని స్ప్రింగు విప్పేటప్పుడే వేళ్ళు నలుగుతాయి. స్టాండుని స్ప్రింగు బాగా సాగే చోట ఆపి, చుట్ల మధ్య రూపాయి బిళ్ళలు దూర్చాలి. తర్వాత స్టాండు కదిపితే స్ప్రింగు వదులుగా చేతికొస్తుంది. చైన్‌కి నూనె పెట్టడానికి ఇక ప్యాడాక్ స్టాండు, అంటే వెనక చక్రాన్ని పైకి లేపే విడి స్టాండు, కావాలి. పంచరు దారిలో పడితే మాత్రం కష్టమే, కాబట్టి ఒంటరిగా దూరం తిరిగేవాళ్ళు మెయిన్ స్టాండు ఉంచుకోవడం మంచిది.

శారీ గార్డు తీయొద్దు. వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ, వెనక కూర్చునేవారికి పట్టు, పాదం మోపే చోటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమం 123 చెబుతుంది.

మూడో వారం: బ్యాటరీ

పాత లెడ్ బ్యాటరీ 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్). దాని బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేస్తే 2 కిలోలు తగ్గింది. కొనడానికి ముందే చార్జింగు చూసుకోవాలి. 5,000 ఆర్‌పీఎం దగ్గర టెర్మినళ్ళ మధ్య 13.8 నుంచి 14.6 వోల్టులు ఉంటే సరి. 14.8 దాటుతుంటే ముందు ఆ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ మార్చాలి, లేదంటే కొత్త బ్యాటరీ పాడవుతుంది.

షాపుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మీటరు 12.8 చూపిస్తే లెడ్ బ్యాటరీ నిండినట్టు. లిథియం ఫాస్ఫేట్‌కి అదే 12.8 అంటే దాదాపు ఖాళీ. ఇది నిండుగా ఉంటే, బండి ఆపిన కొన్ని గంటల తర్వాత కూడా 13.2 పైన ఉంటుంది. సల్ఫేషన్ (లెడ్ పలకల మీద పేరుకునే సల్ఫేట్) పోగొట్టే మోడ్ ఉన్న పాత చార్జర్ దీనికి పెట్టకూడదు.

సెమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు పొద్దుటి చలికి మొదటి క్రాంకు బరువుగా తిరుగుతుంది. తాళం తిప్పి హెడ్‌లైటు ఒక నిమిషం వెలగనిస్తే, ఆ కరెంటుకే బ్యాటరీ లోపల కాస్త వేడెక్కి రెండోసారి హుషారుగా తిరుగుతుంది. ఈ బండికి కిక్కు లేదు. బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూటు మొత్తం కట్ చేస్తే ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు తోసే పంపుకి కూడా కరెంటు రాదు, తోసి స్టార్ట్ చేయడం కుదరదు. కొత్తది చిన్నది కాబట్టి ట్రేలో మిగిలే ఖాళీని గట్టి ఫోమ్‌తో నింపాలి. అది కదిలితే టెర్మినల్ బోల్టు వదులై, బండి నడుస్తూ ఆగిపోతుంది.

నాలుగో వారం: ట్యూబులు

కాటా మీద చిన్న అంకె, నడిపేటప్పుడు పెద్ద తేడా ఇక్కడే. చక్రం అంచున ఉన్న కిలో, బండి వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోల కింద లెక్క. పైగా అది స్ప్రింగులకు కింద ఉండే బరువు, గతుకు తగిలినప్పుడు షాక్ దాన్నే అదుపు చేయాలి. మందపాటి ట్యూబులు తీసి మామూలువి వేస్తే ముందు 0.8, వెనక 0.9 కిలో తగ్గింది. ట్యూబుకి టాల్కం పౌడరు, టైరు అంచుకి సబ్బు నీళ్ళు పూయాలి. వాల్వు కింది నట్టుని రిమ్ముకి బిగించకుండా పైకి, మూతకి ఆనించి వదలాలి. టైరు జారి ట్యూబుని లాగితే వాల్వు వంకరగా కనిపిస్తుంది, తెగకముందే సర్దుకోవచ్చు. నట్టు బిగించి ఉంటే వాల్వు మొదలే చిరుగుతుంది. మామూలు ట్యూబుతో గాలి తగ్గించి నడిపితే రాయి తగిలినచోట రెండు పక్కపక్క కోతలు పడతాయి. చక్రం బిగించాక బ్యాలెన్సు సీసం ముక్కలు మళ్ళీ చూసుకోవాలి.

వద్దనుకున్నవి

అల్యూమినియం వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం): మన ఎర్రమట్టి, చైన్ నూనె కలిస్తే ఆకురాయిలా పళ్ళను తినేస్తుంది. టైటానియం బోల్టులు: పది మార్చినా వంద గ్రాములు తగ్గవు. బ్రేకు కాలిపర్‌కి అల్యూమినియం బోల్టు ఎప్పటికీ వద్దు.

సైలెన్సర్ మార్చితే కిలోల్లోనే తగ్గుతుంది, అయినా వదిలేశాం. 175 సీసీ దాటిన బండికి శబ్దం హద్దు 80 డెసిబెల్స్, బయట దొరికేవి చాలావరకు దాన్ని దాటతాయి. జాయింటులో గాలి దూరితే ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు తక్కువైందనుకుని ఇంజనుకి ఇంకా పోయిస్తుంది.

ఇప్పటి తూకం

ఫుల్ ట్యాంకుతో ముందు 95.7, వెనక 102.0, మొత్తం 197.7 కిలోలు. తగ్గింది 16.8, అందులో 13.2 వెనకనే. అందుకే వెనక షాక్ గట్టిపడినట్టు అనిపించింది. సి-స్పానర్‌తో ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగింపు) ఒక మెట్టు తగ్గించి, వెనక చక్రం పైకీ కిందకీ కదలగల 180 ఎంఎం ట్రావెల్‌లో మనిషి కూర్చున్నాక 55 నుంచి 60 ఎంఎం దిగేలా పెట్టాం.

పెట్రోలు లీటరు సుమారు 0.74 కిలో. సగం ట్యాంకుతో తిరిగితే ఇంకో ఐదున్నర కిలోలు, అదీ బండి పైభాగంలోంచి తగ్గుతాయి. 1,672 మీటర్ల దేవమాలి ఎక్కే వంపుల్లో ఆ తేడా మొదట చేతులకే తెలుస్తుంది. రిజర్వు దాకా మాత్రం రానివ్వొద్దు, పంపుని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. విప్పి బిగించిన బోల్టులన్నిటినీ రెండు వందల కిలోమీటర్ల తర్వాత టార్క్ రెంచితో మళ్ళీ చూడాలి. ర్యాకు, లెగ్ గార్డుల 8 ఎంఎం బోల్టులకు సుమారు 25 న్యూటన్ మీటర్లు చాలు.