ఇంటి బోర్డు
ఆఫీసు పనికని ట్రెలో (పనుల్ని కార్డులుగా రాసుకుని బోర్డు మీద పెట్టుకునే యాప్) మొదలుపెట్టి, ఆ ఊపులో ఇంటి పనులు కూడా అందులోకే ఎక్కించేశాను. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరుసలు, పని కదిలితే కార్డును పక్క వరుసలోకి లాగడమే. (1950ల్లో టయోటా ఫ్యాక్టరీలో వాడిన కాన్‌బాన్ పద్ధతి ఇది, నేనేమో కుళాయి రిపేరుకి వాడుతున్నా!) ఆఫీసులో బాగానే ఉంది, ఎవరి దగ్గర ఏం ఆగిందో అడగకుండానే కనిపిస్తుంది. ఇంటి బోర్డే తేడా కొట్టింది. 'అమ్మకి ఫోన్' అని కార్డు రాసి, గడువు పెట్టి, అది దాటి ఎర్రగా మారాక కూడా మూడు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాను, పైగా లేబుల్ రంగు కూడా మార్చాను. బిల్లులు, బండి ఇన్సూరెన్సు లాంటివి మాత్రం అందులోనే ఉంచాను, ఆ తేదీలు నాకు చచ్చినా గుర్తుండవు. నిన్న ఆ 'అమ్మకి ఫోన్' కార్డు తీసేసి ఫోన్ చేస్తే, అమ్మ గంటన్నర మాట్లాడింది.